మూత మరలో పసుపు

నా నోట్లో నువ్వుగింజ నానదని మా వాడలో పేరు. నిజమే. ఏ కోడలు ఎవరితో మాట మానేసింది, ఎవరి పడవకి ఏ చేప పడింది, ఎవరింట్లో కూర మాడింది, ఏదైనా నా చెవిన పడితే పొద్దు వాలేలోగా వాడంతా తిరిగొస్తుంది. అలాంటి దాన్ని ఒక్క మాట మాత్రం ఇన్నేళ్ళుగా మింగి కూర్చున్నాను. మా ఆయనకి చెప్పలేదు. కన్నతల్లికి చెప్పలేదు. దేవుడి ముందు కూడా పూర్తిగా అనలేదు. దండం పెట్టుకుంటూ ఆ సంగతి దగ్గరకి రాగానే వేరే కోరిక ఏదో ఎత్తుకునేదాన్ని. దేవుడికి తెలియదా? తెలుసు. కానీ ఆయనకి తెలియడం వేరు, నేను చెప్పడం వేరు.

మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అదే మంచిది. మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డునున్న ఊరనీ, సంతకైనా సామానుకైనా మాకు నరసన్నపేటే దిక్కనీ చెబితే చాలు. అలాంటి ఊళ్ళు చాలా ఉన్నాయి. ఎర్రమ్మ అని నేను రాయబోయే మనిషి అసలు పేరు కూడా అది కాదు. ఆవిడ పేరు ఒకసారి పోగొట్టాను. మళ్ళీ దాని జోలికి వెళ్ళే హక్కు నాకు లేదు.

ఎర్రమ్మ మా బావగారి భార్య. నాకు తోటికోడలు. అక్కా అని పిలుస్తాను. మాది ఒకే పెరడు, రెండు పొయ్యిలు. మా అత్త ఆ పొయ్యి దగ్గర కూరా, ఈ పొయ్యి దగ్గర కూరా రెండూ తినేది గానీ ఎవరిది బాగుందో మాత్రం ఎప్పుడూ పైకి అనేది కాదు. ఎర్రమ్మదే బాగుండేది. ఇది కూడా ఇవాళే ఒప్పుకుంటున్నాను.

ఆవిడ నాన్న పెళ్ళి ఊరేగింపులకి పెట్రోమాక్సు లైట్లు అద్దెకిచ్చేవాడట. అందుకని చిన్నప్పటినుంచీ ఆవిడకి లైటంటే జంకు లేదు. మా ఊళ్ళోకి ఆ పెద్ద టార్చిలు వచ్చిన కొత్తలో జనం వాటికోసం పడిచచ్చేవారు. అల్యూమినియం ఒళ్ళు, లోపల చార్జింగు బేటరీ, వెనక మూతలో నొక్కే స్విచ్చి. వేస్తే కనుచూపు మేర తెల్లగా పరుచుకునేది వెలుగు. మోజు ఒక్కటే కాదు, అవసరం కూడా. రాత్రిపూట వల వేసి కూర్చున్న పడవకి ఎదురుగా మరబోటు వస్తుంటే, ఇక్కడ వల ఉంది, తప్పుకోండి అని చెప్పేది ఆ లైటే. అది వెలగకపోతే మరబోటు వల మీదుగానే పోతుంది. వల పోయిందంటే ఆ ఏటి వేట పోయినట్టే. ఇంత అవసరమైన వస్తువుకి మా ఉప్పుగాలి పడేది కాదు. కొన్న నెల తిరక్కుండానే మొరాయించేది. నరసన్నపేట షాపుకి తీసుకెళ్తే, అటూ ఇటూ తిప్పి చూసి, కొత్తది కొనుక్కోమనేవాళ్ళు.

ఎర్రమ్మ కొననివ్వలేదు. ఒకనాడు బావగారి లైటు ఆరిపోతే వాకిట్లో గోనె పరిచి, దాన్ని ముక్క ముక్కా విప్పి వరసగా పెట్టి కూర్చుంది. మా అత్త గుండెలు బాదుకుంది. పొద్దు వాలేసరికి లైటు వెలిగింది. ఆ మర్నాటినుంచి మా వాకిలి ఆస్పత్రి అయిపోయింది.

ఆవిడ పనిచేస్తుంటే చూడాలి. నేను చూసేదాన్ని. చేపలు తోముతూ, బియ్యం ఏరుతూ, చూడనట్టే చూసేదాన్ని. ముందు లైటుని ముట్టుకునేది కాదు. తెచ్చిన మనిషిని అడిగేది.

"ఎలగ పోనాది సెప్పు. టప్పున ఆరిపోనాదా, మినుకు మినుకుమన్నాదా, సన్నబడి సన్నబడి పోనాదా?"

సన్నబడి పోయిందంటే బేటరీ. టప్పున పోయిందంటే స్విచ్చి. ఊపితే వెలిగి, ఆపితే ఆరుతోందంటే ఎక్కడో వదులు. జబ్బు సగం అక్కడే తేలిపోయేది. తర్వాత వెనక మూత విప్పి, మెడలో పుస్తెలతాడుకి ఉన్న పిన్నీసు తీసి, ఒక కొస బేటరీ అడుగుకీ, రెండో కొస లైటు ఒంటి అంచుకీ ఆనించేది. వెలిగితే బేటరీ మంచిదే, బల్బు మంచిదే, తంటా అంతా మూతలోని స్విచ్చిది. వెలగకపోతే తన దగ్గరున్న మంచి బేటరీ ఒకటి వేసి చూసేది. అప్పటికీ వెలగకపోతే తల విప్పేది. ఓస్, ఇంతేనా అనిపిస్తుంది వింటుంటే. నాకూ అలాగే అనిపించేది. అలా అనుకుని ఒకసారి మా ఆయన లైటు నేనే బాగుచేద్దామని కూర్చుని, స్విచ్చిని పట్టి ఉంచే రింగుని గుంటలో పోగొట్టాను. ఆవిడే వెతికి తీసింది. కత్తెర మొనలు రెండూ దాని కన్నాల్లో పెట్టి తిప్పి బిగిస్తూ, "ఒసే, నీకు నోటిపని సేతనైనట్టు సేతిపని సేతకాదే" అని పకపకా నవ్వింది. వాకిట్లో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. లోపల మాత్రం ఒళ్ళు మండింది.

గొప్పలకి కూడా లోటు లేదు మహాతల్లికి. అణకువ అంటే ఆవిడకి సరుకు పేరో కూర పేరో. ఒకసారి సంతలో కొన్న బేటరీ ఒకటి తెస్తే, చేతిలో ఎగరేసి చూసి, చేపల తక్కెడ తెప్పించి, ఒక పళ్ళెంలో అదీ, రెండో పళ్ళెంలో తన మంచి బేటరీ పెట్టింది. సంతది గాల్లోకి లేచింది. "సూడండ్రా! మీద రంగుకాయితం, లోన పిండి. నాను గాబట్టి పట్టేను, పేటలో ఒక్కడు పట్టమను" అని చాటింది. నిజమే మరి, ఎవరు పట్టారు? ఉబ్బిన బేటరీ కనిపిస్తే కొన్నవాడు ఏడ్చి మొత్తుకున్నా వినకుండా ఇసకలో పాతిపెట్టేది. చార్జి ఉన్న బేటరీని తాళంచెవులతో కలిపి రొంటిని దోపుకొచ్చిన మగాణ్ణి, తాళంచెవి తగిలితే మంటలొస్తాయని, వయసు చూడకుండా నలుగురిలో తిట్టేది. గట్టు మీద వెలిగి సముద్రంలో ఆరిపోయే లైటు ఒకటుండేది మా వాళ్ళకి. దాన్లో దెయ్యముందని అనుకునేవారు. ఆవిడ దాని స్ప్రింగు చూసి, అల కొట్టినప్పుడల్లా బేటరీ వెనక్కి తన్నుతుందనీ, నలిగిపోయిన స్ప్రింగు దాన్ని ఆపలేకపోతోందనీ చెప్పి, గోటితో స్ప్రింగుని కాస్త పైకి లాగి ఇచ్చింది. దెయ్యం వదిలింది. ఆ పని చూసి నాకు రోమాలు నిక్కబొడుచుకున్నాయి. అసూయతో కాదు. అప్పుడు మాత్రం కాదు.

సముద్రానికెళ్ళే లైటు విషయంలో ఆవిడకో కట్టుబాటు ఉండేది. మూత తిరిగే మరలన్నీ పొడిగుడ్డతో తుడిచి, బిగించి, అతుకు మీద పైనుంచి మైనం పూసి, దాని మీద సైకిల్ ట్యూబు ముక్క బిగించి చుట్టేది. ఆ చుట్టు చుట్టాక, లైటు వేటకెళ్ళి మళ్ళీ గట్టెక్కేదాకా ఎవరూ విప్పకూడదు. ఎందుకని నేనే అడిగాను ఒకసారి. కరెంటు లైటు ఒంటిమీదుగా నడిచి మూతలోకి వెళుతుందనీ, ఆ మరల దారిలో ఏ మట్టో నూనో ఉంటే ఆగిపోతుందనీ చెప్పింది. విన్నాను. అర్థమైంది కూడా. కాబట్టి తెలియక చేశానని మీతో అనలేను.

ఇంకో కట్టుబాటు మగవాళ్ళది. వేటకెళ్ళే పడవ ఆడది ఎక్కకూడదు, వల దాటకూడదు. మరి లైటు? మా పడవలో వాటా ఉన్న సన్యాసి మావ, వాడకి పెద్ద, మొదటినుంచీ గొణిగేవాడు. ఆడదాని చెయ్యి పడ్డ లైటు సముద్రంలోకి తేకూడదనేవాడు. కానీ ఆవిడ చూసిన లైట్లు ఆరేవి కావు, చూడని లైట్లు ఆరేవి. గొణుగుడు ఎన్నాళ్ళు సాగుతుంది? ఎర్రమ్మ ఆయన ఎదటే, "నా సెయ్యి పడ్డ లైటు సముద్రంలో ఆరితే, అప్పుడు ముట్టుకోనులే మావా" అనేసింది. అందరూ విన్నారు. ఆ మాటే ఆవిడ మెడకి చుట్టుకుంది. చుట్టింది నేను.

రాష్ట్రం రెండయిన ఏడాది అది. వేసవిలో చేపలవేట మీద పెట్టే నిషేధం ఎత్తేసి, తొలివేటకి పడవలు దిగే రోజు. గంగమ్మ తల్లికి పూజ. ఇంటింటా ఆడవాళ్ళు కాళ్ళకి పసుపు రాసుకుని, పడవకీ వలకీ ఇంజనుకీ లైటుకీ పసుపు రాసి బొట్లు పెట్టాలి. ఎర్రమ్మ ఆ పొద్దున్నే మా పడవ లైటు చూసి, చుట్టు చుట్టి, పళ్ళెంలో పెట్టి, వంట దగ్గరికి పోయింది. బొట్లు పెట్టమని మా అత్త నాకు చెప్పింది.

వేట సామాను పెట్టిన గదిలో నేనొక్కదాన్నే. గిన్నెలో తడి పసుపు. ఇంజనుకి పెట్టాను. తెడ్లకి పెట్టాను. లైటు ఒంటిమీద పెట్టాను. అప్పుడు ఒక ఆలోచన వచ్చింది. పడవకి ప్రాణం ఇంజనైతే దానికి బొట్టు పెట్టాం కదా, లైటుకి ప్రాణం బేటరీ కదా, మరి దానికి? పైపైన పెడితే తల్లికి చేరుతుందా? ఇది వింటే నవ్వొస్తుందేమో మీకు. నవ్వండి. మా ఇళ్ళల్లో ఇలాగే ఆలోచిస్తాం. ట్యూబు ముక్క విప్పాను, మైనం గోటితో గీకాను, మూత తిప్పాను, బేటరీ బయటికి తీసి పసుపు రాసి, కుంకుమ చుక్క పెట్టి, కళ్ళకద్దుకుని లోపల పెట్టాను. అవే పసుపు వేళ్ళతో మూత బిగించాను. మరల్లోకి పసుపు పోయిందని నాకు తెలుసు. వేలికి చల్లగా తగిలింది. స్విచ్చి నొక్కితే వెలిగింది. ఇంకేముంది అనుకున్నాను. ట్యూబు చుట్టబోతే ఆవిడ చుట్టినట్టు రాలేదు, ఎలాగో చుట్టేశాను.

అది భక్తేనా? ఇన్నేళ్ళుగా నన్ను నేను అడుగుతున్నాను. భక్తే అయితే, అక్కా, ఒకసారి మూత విప్పు, బొట్టు పెడతాను అని పిలవొచ్చు కదా? వంటపొయ్యి ఎంత దూరం? పిలవలేదు. ఎర్రమ్మ విప్పొద్దంది కాబట్టే విప్పానా? ఆవిడ లేకపోయినా ఈ లైటు వెలుగుతుందని చూసుకోవాలనిపించిందా? ఒకరోజు భక్తి అంటాను, ఒకరోజు కుళ్ళు అంటాను. రెండూ ఒకే వేలితో చేశానేమో. ఆ వేలికి మాత్రం తెలిసి ఉండాలి.

పడవ సముద్రంలోకి వెళ్ళింది. తర్వాతది మా ఆయన చెప్పిందే. గాలి ఎక్కువై పడవ ఎగిరెగిరి పడిందట. లైటు ముందు మినుకుమంది, తర్వాత ఆరింది. అప్పుడే మరబోటు వచ్చింది. వీళ్ళు చీకట్లో మూత విప్పి, బేటరీ తీసి లుంగీకి తుడిచి మళ్ళీ వేశారు. వెలగలేదు. అరిచారు. ఆ ఇంజను హోరులో ఎవరికి వినబడుతుంది? కొత్త వల, ఆ ఏడే కట్టించింది, కళ్ళముందే ముక్కలై పోయింది. మనుషులకి ఏమీ కాలేదు. ఆ తల్లి దయ. నేను ఆ మాటే పట్టుకుని చాలా రోజులు వేలాడాను, మనుషులకి ఏమీ కాలేదు కదా అని.

పొద్దున్న పడవ గట్టెక్కేసరికి వాడంతా ఒడ్డున ఉంది. వల లేని పడవని చూసి మా అత్త ఇసకలో కూలబడింది. సన్యాసి మావ లైటుని ఎర్రమ్మ కాళ్ళ దగ్గర పడేశాడు.

"ఇదుగో నీ సెయ్యి పడ్డ లైటు. సూడు."

ఇంకొకరైతే ఏడ్చేవారు, గొడవకి దిగేవారు. ఆవిడ అక్కడే ఇసకలో గొంతుక్కూర్చుని లైటు ఒళ్ళో పెట్టుకుంది. ఎలా ఆరిందని ఎప్పటిలాగే అడిగింది. మినుకుమని ఆరింది అన్నాడు మా ఆయన. మూత విప్పింది. పిన్నీసు తీసి పెట్టింది. లైటు భగ్గున వెలిగింది, ఆ ఎండలో కూడా తెలిసేలాగ. బేటరీ మంచిది. బల్బు మంచిది. కత్తెర అడిగి రింగు చూసింది, బిగువుగా ఉంది. స్విచ్చి నొక్కి నొక్కి చూసింది. బాగుంది. అంతమంది చుట్టూ నిలబడి తిడుతుంటే, ఆ చేతులు తమ పని తాము చేసుకుపోయాయి. నేను దొంగని, అయినా చెబుతున్నాను, ఆ క్షణంలో కూడా అబ్బ, ఏం మనిషి అనుకున్నాను. ఆఖరికి మూతని ఎండకి తిప్పి మరల్లోకి చూసింది. గోటితో గీరింది. గోటి కొసన పసుపు.

తలెత్తింది. అందరినీ కాదు, మా ఇంటి ఆడవాళ్ళనే చూసింది.

"ఇందల పసుపున్నాది. ఎవులు ఇప్పేరు?"

మా అత్త నావైపు చూసింది. బొట్లు పెట్టింది నేను కదా. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి దానంతటదే కొంగు కిందికి పోయింది.

"ఎవులూ ఇప్పనేదక్కా. నాను మీద బొట్టెట్టి, అలగే పళ్ళెంలో ఎట్టి ఇచ్చీసేను" అన్నాను.

"నిజం సెప్పే. నాను తిట్టను."

"అమ్మతోడక్కా. నువ్వు సుట్టిన సుట్టు అలగే ఉన్నాది."

ఇదీ నేను చేసింది. లైటు విప్పడం కాదు. అది పొరపాటనుకోవచ్చు, పిచ్చి భక్తి అనుకోవచ్చు. ఇది మాత్రం పొరపాటు కాదు. ఆవిడ అడిగింది, రెండోసారి బతిమాలినట్టు అడిగింది, నేను ఆవిడ కళ్ళలోకి చూసి, బతికున్న మా అమ్మ మీద ఒట్టేసి అబద్ధం చెప్పాను. ఎందుకు? భయం. వల పోయిన ఇంట్లో ఆ పాపం నామీద పడితే మా అత్త, మా ఆయన నన్ను బతకనిస్తారా? అది నిజమే. కానీ దాని కింద ఇంకొకటి ఉంది, చిన్నది, పాములాంటిది. ఇన్నాళ్ళకి నీ చెయ్యి కూడా తప్పు చేసిందనిపించుకున్నావు కదా అక్కా అని, ఒక్క రెప్పపాటు, నాకు హాయిగా అనిపించింది. ఒక్క రెప్పపాటే. దాన్ని దాచి మిగతాది చెబితే ఈ ఒప్పుకోలుకి అర్థం లేదు.

ఎర్రమ్మ మూత కింద పెట్టింది. తన చేతులకేసి చూసుకుంది. ముందుకీ వెనక్కీ తిప్పి చూసుకుంది. సన్యాసి మావ గెలిచినవాడిలా ఆ పాత మాట గుర్తు చేశాడు. "అన్నాను గదా మావా. ఇంక ముట్టుకోను" అని లేచి, చీర దులుపుకుని ఇంటికి వెళ్ళిపోయింది. ఆ రోజునుంచి సముద్రానికెళ్ళే లైటు ఏదీ ఆవిడ చేతిలోకి వెళ్ళలేదు. వాడలో అందరూ ఒక్కమాట మీద నిలబడ్డారు. బావగారితో సహా.

నేను తేలు కుట్టిన దొంగలా తిరిగాను. రేపు చెబుదాం, పండక్కి చెబుదాం, వల అప్పుల తగువు చల్లారాక చెబుదాం. రోజు గడిచేకొద్దీ చెప్పాల్సింది పెద్దదైంది. మొదట్లో, లైటు నేను విప్పాను అంటే సరిపోయేది. తర్వాత, విప్పి, అబద్ధమాడి, ఇన్నాళ్ళూ నీ అన్నం తిన్నాను అనాల్సి వచ్చింది.

ఆవిడ మూలన కూర్చునే రకమా? సముద్రం వద్దంటే పేటకి పోయింది. నరసన్నపేటలో బస్సులు ఆగే చోట, గొడుగులు బాగుచేసే ముసలాయన పక్కన ఒక స్టూలు వేసుకుంది. వరిచేల రైతులందరికీ ఈ లైట్లే ఆధారం. మోటారు కరెంటు వాళ్ళకి వేళ కాని వేళ వస్తుంది. గట్ల మీద పాములు, చేలో పందులు. వాళ్ళ లైట్ల జబ్బులు వేరు. బురద, పురుగుమందు చేతులు, ట్రాక్టరు బేటరీకి వైర్లు తగిలించి చార్జింగు పెట్టడం. అవన్నీ నేర్చేసుకుంది. పలాస బస్సు డ్రైవరు కూడా ఆగి లైటిచ్చి పోయేవాడు. నేను చేపల గంప దించి ఆ దారిన వెళుతూ చూసేదాన్ని. అదే నోరు, అవే తిట్లు, అవే గొప్పలు. ఒక్కటి మాత్రం కొత్తది. ఏ లైటు వచ్చినా, ఇప్పుడు మనిషిని అడగడానికి ముందే మూత విప్పి మరలు చూసేది. నాకు గంప నెత్తిమీద బరువెక్కేది.

తర్వాత కొన్నేళ్ళకి ఆ పెద్ద తుపాను వచ్చింది. కొబ్బరిచెట్లు తలలు లేకుండా నిలబడ్డాయి. స్తంభాలు వరసగా పడుకున్నాయి. కరెంటు ఇవాళ వస్తుంది, రేపు వస్తుంది అంటూ రోజులు గడిచిపోయాయి. ఇళ్ళల్లోకి నీళ్ళు, ఇసక, పురుగూ పుట్రా. లైట్లన్నీ తడిసి చచ్చాయి. అప్పుడు వాడ వాడంతా, సన్యాసి మావతో సహా, ఎర్రమ్మ వాకిట్లో వరస కట్టింది. ఆవిడ ఒక్కరినీ ఏమీ అనలేదు. తిట్టింది, తిట్టకుండా పని చెయ్యలేదు కదా, కానీ పాత సంగతి ఎత్తలేదు. మూతలు విప్పి ఎండలో పరిచింది, స్ప్రింగులు నిమ్మచెక్కతో రుద్దించింది, ఆరిన బేటరీల్లో ఏది బతికిందో ఏది చచ్చిందో మంచి లైటులో వేసి చూసి చెప్పింది. బాలింత ఉన్న ఇంటికి ముందు, ముసలివాళ్ళున్న ఇంటికి తర్వాత, మగవాళ్ళ బడాయికి ఆఖర్న. నేను పక్కన కూర్చుని నిమ్మచెక్కలు కోసి ఇచ్చాను. ఆ రోజుల్లో ఆ మనిషిని చూస్తే చెయ్యెత్తి దండం పెట్టాలనిపించింది. పెట్టాల్సింది దండం కాదు కదా.

కరెంటు వచ్చింది. పడవలు బాగయ్యాయి. ఏరు దాటి తెప్ప తగలేసినట్టు, సముద్రం లైట్లు మళ్ళీ పేట షాపుకే పోయాయి. ఇంటి లైటు ఆవిడ చెయ్యొచ్చు, పడవ లైటు చెయ్యకూడదు. ఎవరికీ ఇందులో వింత కనబడలేదు.

ఇప్పుడు నేనెందుకు చెబుతున్నానో చెప్పాలి. మొన్న ఒక మధ్యాహ్నం ఆవిడ వాకిట్లోనే కూర్చుని ఒక రైతు లైటు చూడబోతోంది. ఈమధ్య పేటకి రోజూ వెళ్ళడం లేదు. లైటు ముట్టుకునే ముందు లేచి వెళ్ళి సబ్బుతో మోచేతులదాకా చేతులు తోముకుంది. కడుక్కుని, వాసన చూసుకుని, మళ్ళీ తోముకుంది. తర్వాత రెండు చేతులూ నా ముందు చాపింది.

"ఓసారి సూడే. పసుపేటైనా ఉందేటి? నా కళ్ళు సరిగ్గా ఆనట్నేదు."

"పసుపేటక్కా?" అన్నాను.

"ఆయేల తొలిపూజనాడు కాళ్ళకి పసుపు రాసుకున్న సేత్తోనే మూత బిగించీసినట్టున్నాను. బాగా కడుక్కున్నాననే గుర్తు. కానీ ఎవులూ ఇప్పనేదని నువ్వు సెప్పేవు గదా. ఇంకెవుల్దవుతాది? నా సేతిదే. మా వోళ్ళ వల నానే పోగొట్టీసేను."

ఇన్నేళ్ళూ నేను అనుకున్నదేమిటంటే, ఆవిడకి నిజం తెలుసు, నన్ను క్షమించో, అసహ్యించుకునో ఊరుకుంది అని. ఆ ఊహలో నాకు ఒక చోటు ఉండేది. ఆవిడ నన్ను అనుమానించనే లేదు. అంతమందిలో ఒక్క నా మాటే నమ్మింది. నన్ను నమ్మి, తన చేతుల్ని నమ్మడం మానేసింది. పొద్దున లేచి లైటు ముట్టుకునే ప్రతిసారీ, ఆ చేతులు, నేను ఈ భూమ్మీద చూసినవాటన్నిటిలోకీ నిఖార్సయిన చేతులు, అవి తనని మోసం చేశాయని తోమి తోమి కడుగుతోంది.

ఆ చేతులు పట్టుకుని చూశాను. సబ్బుకి చర్మం పొట్టు లేచి ఉంది. "ఏటీ నేదక్కా. సుబ్బరంగా ఉన్నాయి" అన్నాను. నాకు చేతనైంది అంతే. ఆవిడ సరే అని లైటు ఒళ్ళోకి తీసుకుంది.

ఇది ఇక్కడ రాసినంత మాత్రాన నాకు మాఫీ లేదు. మీరు ఇవ్వలేరు, నేను అడగను. ఆవిడ ముందు ఈ మాట పలికే ధైర్యం రేపు వస్తుందో రాదో కూడా తెలియదు. పిరికిదాన్ని. కానీ ఒక్కసారైనా, ఎవరో ఒకరి ముందు, ఆ ఇసకలో అనాల్సిన మాట అనాలి. అంటున్నాను. అక్కా, ఆ పొద్దున నీ చేతులు శుభ్రంగానే ఉన్నాయి. ఆ పసుపు నాది.